ఫుడ్ డ్రైవ్ కన్వీనర్‌ని చేశారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

వేపచెట్టు
మా సంఘంలో ఫుడ్ డ్రైవ్, అంటే తిండి సరుకులు పోగుచేసి లేనివాళ్లకు ఇచ్చే కార్యక్రమం, పెట్టాలని తీర్మానం అయింది. మంచిదే. కానీ మీటింగుల్లో చర్చంతా పెట్టెలకు ఏ రంగు వేయాలి, బ్యానర్ మీద ఎవరి ఫొటో ఉండాలి, ప్రారంభానికి ఎవరిని పిలవాలి అన్న దగ్గరే తిరుగుతోంది. "సరే, వచ్చిన సరుకు ఎవరికి ఇస్తాం?" అని అడిగితే "ముందు రానివ్వండి సార్, తీసుకునేవాళ్లకు కొదవా?" అన్నారు. నాకు అక్కడే టెన్షన్ పట్టుకుంది. వండిన భోజనం తీసుకోవాలా, పొడి సరుకా? డబ్బులిస్తామంటే పుచ్చుకోవచ్చా? ఇలాంటివి దగ్గరుండి నడిపినవాళ్లు ఉంటే చెప్పండి. పైగా నన్నే కన్వీనర్‌ని చేసేశారు, ప్రశ్న అడిగినందుకు శిక్ష.

సుబ్బి77
అడిగినవాడే కన్వీనర్. అన్ని సంఘాలకూ ఇదే రాజ్యాంగం.

తూకంరాయి
నిజం చెబితే నిష్ఠూరంగా ఉంటుంది. ఈ డ్రైవులు ఇచ్చేవాళ్ల తృప్తి కోసం జరిగేవే. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలో ఆకలితో ఉన్నవాళ్లు సుమారు 67 కోట్లు. అట్టపెట్టెలతో తీరేదా అది? ప్రపంచంలో తిండి లేక కాదు ఆకలి, కొనుక్కోవడానికి చేతిలో డబ్బు లేక. పని, కూలి, బడిలో భోజనం, ముసలివాళ్లకు పెన్షన్, వీటికోసం కొట్లాడితే ఏమన్నా ఫలితం ఉంటుంది. మిగతాదంతా ఫొటోల సంబరం.

చినుకు
@తూకంరాయి ఆయన 67 కోట్ల మంది సంగతి అడగలేదు. పక్క వీధి సంగతి అడిగారు. కూలి పెరిగేదాకా పక్క వీధివాళ్లు ఏం తినాలి?

గోడౌన్_గుమస్తా
ఒక సహాయ సంస్థ గోడౌన్‌లో సరుకు వేరుచేసే పని చాలాకాలం చూశాను, కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను.

వేపచెట్టు గారూ, మీరు అడిగిందే మొదటి ప్రశ్న, మీ కమిటీ దాన్ని చివరికి నెట్టింది. మీ చుట్టుపక్కల ఆకలిని రోజూ చూస్తున్నవాళ్లు ఇప్పటికే ఎవరో ఒకరు ఉంటారు. విరాళంగా వచ్చిన సరుకు నిల్వచేసి పంచే ఫుడ్ బ్యాంకు కావచ్చు, ఉచిత భోజనశాల కావచ్చు, ఆశ్రమం కావచ్చు, ఏ పిల్లాడు ఖాళీ కడుపుతో వస్తున్నాడో తెలిసిన బడి టీచరు కావచ్చు. ముందు వాళ్ల దగ్గరికి ఒక నోటుపుస్తకం పట్టుకుని వెళ్లండి. మీకు ఇప్పుడు ఏది తక్కువ పడుతోంది, ఏది ఇక వద్దే వద్దు, ఎంత నిల్వ పెట్టగలరు, ఏ రోజు దించుకుంటారు, దించడానికి మనుషులు ఉన్నారా అని అడగండి. వీటికి జవాబు రాకుండా బ్యానర్ కొట్టించకండి.

మా దగ్గర ఏం జరిగేదంటే, పండగల ముందు బండ్ల మీద బండ్లు వచ్చేవి. రాత్రీ పగలూ వేరుచేసినా తరిగేది కాదు. పండగ వెళ్లాక నెలల తరబడి అరలు బోసిగా ఉండేవి. బడికి సెలవులిచ్చి పిల్లలకు ఆ ఒక్కపూట భోజనం ఆగిపోయే రోజుల్లో అడిగేవాళ్లు ఎక్కువ, ఇచ్చేవాళ్లు లేరు. మీ తేదీ ఇంకా ఖరారు కాకపోతే సెలవుల ముందు పెట్టుకోండి. పండగ ముందు మీ అవసరం అంతగా ఉండదు.

వచ్చే సరుకు సంగతి వేరే. ఒక ఆఫీసువాళ్లు పంపిన పెట్టెలు విప్పితే సగం బరువు తగ్గించే టీ పొడి.

సుబ్బి77
ఆకలితో ఉన్నవాడికి బరువు తగ్గే టీ! చిత్రగుప్తుడు దాన్ని పుణ్యం కింద రాయాలో పాపం కింద రాయాలో తెలియక పెన్ను పక్కన పెట్టేసి ఉంటాడు.

నిశాచరి
మనుషుల సంగతి గుమస్తా గారు ఒక్క ముక్కలో తేల్చేశారు కానీ నా అనుభవంలో అసలు పని అంతా అదే. సేకరించే రోజు అందరూ వస్తారు, టీషర్టులు వేసుకుని. మర్నాడు తేదీలు చూసి వేరుచేయడానికి ఎవరూ రారు. రెండో రోజుకి పేర్లు రాసుకున్నాకే మొదటి రోజుకి పేర్లు రాసుకోండి.

వేపచెట్టు
@గోడౌన్_గుమస్తా చాలా ఉపయోగం. టీషర్టుల మాట మా మీటింగులో కూడా వచ్చింది, @నిశాచరి గారికి ఎలా తెలిసిందో!

వండిన భోజనం సంగతి కూడా చెప్పండి. మా వాళ్లలో ఒక పెద్దాయన ఫంక్షన్లలో మిగిలినదంతా పారేస్తున్నారని, అదే పోగుచేస్తే చాలని పట్టుబడుతున్నారు.

డ్యూటీ_నర్సు
పెద్దాయన ఉద్దేశం మంచిదే కానీ ఒప్పుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క తేలిక: వండినది బయట 2 గంటలకు మించి ఉండకూడదు. వేడిగా ఉంచితే 60 డిగ్రీల పైన, చల్లగా ఉంచితే 5 డిగ్రీల లోపు. మధ్యలో ఉన్నదంతా సూక్ష్మజీవులకు పండగే. ఫంక్షన్‌లో వడ్డన అయ్యేసరికే ఆ 2 గంటలు కరిగిపోతాయి. తర్వాత మీరు ఫోన్ అందుకుని, బండి వెతికి, గిన్నెలు సర్ది, పంచేసరికి ఎంతవుతుంది? మళ్లీ మరిగిస్తే సరిపోతుంది అనేవాళ్లుంటారు. కొన్ని బాక్టీరియా వదిలే విషం మరిగించినా పోదు.

పస్తులున్న ఒంటికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మన ఇంట్లోవాళ్లకు పట్టుకున్నట్టు ఉండదు. పసిపిల్లలు, ముసలివాళ్లు అయితే మరీను.

పాతకాపు
నర్సమ్మ చెప్పింది సబబే. కానీ వండినది అసలు వద్దంటే పొయ్యి లేనివాళ్ల మాటేమిటి? రోడ్డు మీద పడుకునే మనిషికి కిలోల లెక్కన పప్పు ఇస్తే ఏం చేసుకుంటాడు? మా బృందం పంచిన సంచులు కొన్ని సాయంత్రానికి కొట్టులో తిరిగి అమ్ముడుపోయాయి. "చూశారా, వీళ్లకు ఆకలి లేదు, అమ్ముకుంటున్నారు" అని మావాళ్లు గోల. వండుకోవడానికి గిన్నె, గ్యాసు ఏదీ లేనివాడు అమ్ముకుని వండిన అన్నం కొనుక్కున్నాడు. అందులో తప్పేముంది?

డ్యూటీ_నర్సు
@పాతకాపు నేను వండినది వద్దనలేదు, మిగిలినది వద్దన్నాను. భోజనశాల ఉంటే వాళ్లకు పొడి సరుకు ఇవ్వండి, వాళ్లు వేడిగా వండి పెడతారు. పొయ్యి లేనివాళ్లకు అలాగే తినగలిగేవి ఇవ్వండి, వేయించినవి, ఎండబెట్టినవి, మూత లాగితే తెరుచుకునే డబ్బాలు. డబ్బా ఓపెనర్ ఎవరి జేబులోనూ ఉండదు.

చినుకు
ఫంక్షన్ల తిండి గురించి ఒక మాట. ఐరాస పర్యావరణ సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక చూస్తే 2022లో ప్రపంచమంతా కలిపి 105 కోట్ల టన్నుల తిండి వృథా, అందులో 60 శాతం ఇళ్లలోనే. ఫంక్షన్ హాలు కళ్లకు కనిపిస్తుంది కాబట్టి మనందరి కోపం దాని మీద. మన ఫ్రిజ్ వెనక అరలో ఉన్నది ఎవరూ చూడరు, ఎవరూ పోగుచేయలేరు కూడా. కాబట్టి వృథాను ఆపడం ఒక పని, ఆకలి తీర్చడం ఇంకో పని. రెండూ కలిపేస్తే మిగిలిపోయినది పేదవాడికి అన్న ఆలోచన వచ్చేస్తుంది.

తూకంరాయి
హమ్మయ్య, చినుకు గారు నా దారికి వస్తున్నారు.

చినుకు
రావడం లేదు. దారి పక్కన నిలబడ్డాను.

లెక్కల_మాస్టారు
ఎవరూ లెక్క వేయలేదు కాబట్టి నేను వేస్తాను. సహాయ శిబిరాలకు సరుకు పంపేవాళ్లు మనిషికి రోజుకి 2,100 కేలరీలు అని పెట్టుకుంటారు. 400 గ్రాముల ధాన్యం, 60 గ్రాముల పప్పు, 25 గ్రాముల నూనె కలిపితే 1,800 దాటుతుంది, మిగతాది కూరగాయలు, పాలు, చక్కెర వగైరా. దీన్ని నలుగురున్న ఇంటికి వారానికి చేయండి: ధాన్యం 11.2 కిలోలు, పప్పు సుమారు 1.7 కిలోలు, నూనె 700 గ్రాములు. మొత్తం 13.6 కిలోలు.

ఇప్పుడు మీ డ్రైవులో వచ్చేది చూడండి. బిస్కెట్లు, నూడిల్స్. ఒక్కో నూడిల్స్ ప్యాకెట్ 300 కేలరీలు అనుకుందాం. ఆ ఇంటికి ఒక్క రోజుకే 28 ప్యాకెట్లు కావాలి. నూనె ఎవరూ ఇవ్వరు, కారిపోతుందని భయం. కానీ గ్రాముకి 9 కేలరీలు ఉన్నది నూనెలోనే. మీ పోస్టరులో నూనె అని పెద్దగా రాయండి.

డ్యూటీ_నర్సు
మాస్టారు కేలరీలు చూశారు, నేను ఉప్పు చూస్తాను. పెద్దవాళ్లకు రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలంటారు. చాలా రకాల నూడిల్స్‌తో రెండు మూడు ప్యాకెట్లకే అది దాటిపోతుంది. తీసుకునేవాళ్లలో బీపీ ఉన్నవాళ్లు ఎంతమంది ఉంటారో ఊహించుకోండి.

కొత్తమనిషి
13.6 కిలోలు ఒక ముసలమ్మ ఎలా మోసుకెళ్తుంది?

గోడౌన్_గుమస్తా
@కొత్తమనిషి భలే అడిగారు. మోయలేరు. రెండు సంచులు చేసి మూడు నాలుగు రోజుల తేడాతో ఇవ్వాలి, లేదా ఇంటికి చేర్చాలి. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఎలాగూ లైనులోకి రారు. కొందరికి ఓపిక ఉండదు, కొందరికి పరువు అడ్డం. వాళ్ల వివరాలు ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు తెలుస్తాయి. వాళ్ల చేత పంపిస్తే ఎవరికీ కనపడకుండా పని జరుగుతుంది.

ఇదే ఊపులో నిల్వ గురించి కూడా. సరుకు నేల మీద పెట్టకండి, గోడకు ఆనించకండి, ఎలుకకు దారి అదే. సబ్బులు, డిటర్జెంటు వస్తే పుచ్చుకోండి, అందరికీ కావలసినవే, కానీ వేరే గదిలో పెట్టండి. బియ్యంలోకి సబ్బు వాసన ఎక్కిందంటే ఎన్నిసార్లు కడిగినా పోదు. తేదీ దగ్గరపడినవి ముందు వరసలో. పెట్టె మీద మార్కరుతో నెల, సంవత్సరం ఎంత పెద్దగా రాస్తే అంత మంచిది.

నిశాచరి
తేదీలంటే గుర్తొచ్చింది, దీని మీద ప్రతిసారీ గొడవే. "ఈ తేదీలోపు వాడితే మేలు" అని ఉన్నది నాణ్యత గురించి, రుచి కాస్త తగ్గుతుందేమో అంతే. "ఈ తేదీ తర్వాత వాడకూడదు" అన్నది భద్రత గురించి. మావాళ్లు రెండింటినీ ఒకే గాటన కట్టి బంగారం లాంటి సరుకు పారేసేవాళ్లు.

పాతకాపు
నేను ఒప్పుకోను. చట్ట ప్రకారం సరే. మీ ఇంటికి చుట్టం వస్తే తేదీ దాటిన బిస్కెట్ పెడతారా? పెట్టరు. మరి వాళ్లకెందుకు?

నిశాచరి
@పాతకాపు నేను తింటాను అది. రోజూ తింటాను.

పాతకాపు
మీరు తినడం వేరు, ఇంకొకరి చేతిలో పెట్టడం వేరు. తీసుకునేవాడు తేదీ చూస్తాడు. చూసి ఏమీ అనడు, అదే బాధ.

గోడౌన్_గుమస్తా
ఇద్దరికీ మధ్యలో ఒక పద్ధతి: ఇచ్చేవాళ్లను కనీసం మూడు నెలల గడువు ఉన్నవే అడగండి. మీ చేతిలో ఉండగా దాటినవాటి సంగతి పుచ్చుకునే సంస్థ నిర్ణయిస్తుంది, వాళ్లకు నియమాలుంటాయి. తెరిచినవి, ఇంట్లో సీసాల్లో నిల్వ చేసినవి, ఉబ్బిన డబ్బాలు, అంచు దగ్గర నొక్కుకుపోయిన డబ్బాలు మాత్రం బేరం లేకుండా పక్కకి. ఉబ్బిన డబ్బాలో బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషం ఉండొచ్చు, వాసనకీ రుచికీ తెలియదు.

సుబ్బి77
తెరిచిన ప్యాకెట్లు కూడా ఇస్తారా?

గోడౌన్_గుమస్తా
క్లిప్పు పెట్టి మరీ ఇస్తారు.

అమ్మలు_బొమ్మలు
పసిపిల్లల పాలపొడి గురించి ఎవరూ చెప్పలేదు. ప్రతి డ్రైవులో జనం ముందుగా తెచ్చేది అదే, జాలి కదా. కానీ బ్యానరేసి అడగకండి. తల్లిపాల ప్రత్యామ్నాయాల అమ్మకాల మీద 1981లోనే అంతర్జాతీయ నియమావళి వచ్చింది. విపత్తుల్లో కూడా పాలపొడి విరాళంగా అడగవద్దనీ, పుచ్చుకోవద్దనీ నిపుణుల మార్గదర్శకాలు చెబుతాయి. కారణం సులువే. డబ్బా అయిపోయేలోగా తల్లికి పాలు తగ్గిపోతాయి, ఆ తర్వాత డబ్బా ఎవరిస్తారు? శుభ్రమైన నీళ్లు లేనిచోట సీసాతో విరేచనాలు. నిజంగా అవసరమైన బిడ్డకు ఆరోగ్య కేంద్రం ద్వారానే చేరాలి. దాని బదులు తల్లికి తిండి పెట్టండి.

కొత్తమనిషి
ఇది నాకు అస్సలు తెలియదు. మా ఆఫీసులో గత డ్రైవుకి పాలపొడే టార్గెట్ పెట్టారు.

వేపచెట్టు
ఇంకో అనుమానం. ఏదైనా తిని ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే కేసు మా మెడకు చుట్టుకుంటుందా? ట్రెజరర్ గారు ఈ ఒక్క మాట చెప్పి డబ్బు విడుదల ఆపేశారు.

లెక్కల_మాస్టారు
చట్టం ఒక్కో దేశంలో ఒక్కో రకం. అమెరికాలో 1996లో చట్టం తెచ్చి, మంచి మనసుతో ఇచ్చినవాళ్లకు, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప, బాధ్యత లేకుండా చేశారు. ఫ్రాన్స్ 2016లో ఇంకో అడుగు వేసి, 400 చదరపు మీటర్లు దాటిన సూపర్ మార్కెట్లు తినదగ్గ సరుకును పాడుచేయకూడదు, సేవా సంస్థలతో ఒప్పందం చేసుకోవాలి అంది. మీ దగ్గర ఏముందో ఒక లాయరు గారిని అడిగి కాగితం మీద రాయించుకోండి. ట్రెజరర్లు కాగితానికే కరుగుతారు.

తూకంరాయి
ఇంత తతంగం బదులు డబ్బు పోగుచేసి ఆ సంస్థకే ఇచ్చేయరాదా? వాళ్లు టోకున కొంటారు, ఏది కావాలో అదే కొంటారు. మీరు కొట్టులో పూర్తి ధరకు కొని, పెట్టెలో వేసి, బండికి డీజిల్ పోసి, వేరుచేసి... తలచుట్టూ తిప్పి ముక్కు పట్టుకోవడం కాదా?

గోడౌన్_గుమస్తా
@తూకంరాయి ఈ మాటకు మాత్రం పూర్తిగా మీతోనే. డబ్బే మేలు, తొంభై పాళ్లు. సరుకు ఎవరు ఎంచుకుంటున్నారన్నదే అసలు సంగతి. అమెరికాలో ఫుడ్ బ్యాంకులకు సరుకు పంచే పెద్ద సంస్థ ఉంది, ఫీడింగ్ అమెరికా. ఒకప్పుడు వాళ్లు వరసగా లారీలు పంపేవాళ్లు, బంగాళాదుంపలు పండే ఐడహోకి బంగాళాదుంపలే పంపేవాళ్లని చెబుతారు. 2005లో పద్ధతి మార్చి, ప్రతి ఫుడ్ బ్యాంకుకీ ఉత్తుత్తి నాణేలు ఇచ్చి, కావలసిన లారీని వేలంలో పాడుకోమన్నారు. ఎవరికి ఏది కొరతో అప్పుడు బయటపడింది. ఎక్కువ పేదవాళ్లున్న చోటుకి ఎక్కువ నాణేలు. పైవాళ్ల ఊహ కంటే కిందవాళ్ల ఎంపికే బాగా పనిచేసింది.

మీరు వేలం పెట్టక్కర్లేదు. సంచి ముందే కట్టి చేతిలో పెట్టకుండా అరలో పేర్చి "మీకు కావలసినవి తీసుకోండి" అంటే చాలు. వాళ్లింట్లో ఎవరు ఏది తింటారో వాళ్లకే తెలుసు.

చినుకు
డబ్బుతోనే పని జరిగేటట్లయితే డ్రైవు అక్కర్లేదు, అది నిజం. కానీ మా అపార్ట్‌మెంటులో డబ్బు అడిగితే ఒక్కరు తలుపు తీయలేదు. నూనె ప్యాకెట్ అడిగితే పిల్లలు కూడా మోసుకొచ్చారు. అలా వచ్చినవాళ్లలో కొందరు ఇప్పుడు ప్రతి నెలా డబ్బు పంపుతున్నారు. డ్రైవు పనికొచ్చేది అక్కడ.

తూకంరాయి
అలా అయితే ఒప్పుకుంటాను. రసీదు ఇవ్వాలి, ఖాతా మీద ఇద్దరి సంతకాలు ఉండాలి, లెక్క నోటీసు బోర్డు మీద అంటించాలి.

వేపచెట్టు
తూకంరాయి గారు "ఒప్పుకుంటాను" అన్నారు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

ఫొటోల సంగతి కూడా తేల్చండి. స్పాన్సర్ ఒకాయన పంచుతున్న ఫొటోలు కావాలని షరతు పెట్టాడు.

పాతకాపు
వద్దు. పిల్లాడు బడికి వెళ్తే తోటివాళ్ల ఫోన్లలో వాళ్లమ్మ చేయి చాచిన బొమ్మ ఉంటుంది. ఆ స్పాన్సరు వద్దు, ఆయన డబ్బూ వద్దు.

నిశాచరి
డబ్బు వదులుకోవడం ఎందుకు? సంచుల వరసలు తీయండి, వేరుచేస్తున్న వాలంటీర్లను తీయండి, బండి ఎక్కిస్తున్నది తీయండి. స్పాన్సరు గారి చేత ఒక బస్తా మోయించి ఆయన ఫొటో తీయండి, జన్మలో మర్చిపోడు.

సుబ్బి77
బస్తా 25 కిలోలది ఇవ్వండి.

అమ్మలు_బొమ్మలు
మేం చేసే పద్ధతి ఒకటి చెప్తాను. ఒక్కో వీధికి ఒక్కో సరుకు. ఒక వీధి ధాన్యం, ఒకటి పప్పు, ఒకటి నూనె, ఒకటి సబ్బులు. ఎవరేం తేవాలో ముందే తెలుసు కాబట్టి వేరుచేసే పని సగం తగ్గుతుంది. వీధుల మధ్య పోటీ కూడా మొదలవుతుంది, నూనె వీధివాళ్లు మమ్మల్ని చూసి మీసం మెలేస్తారు.

లెక్కల_మాస్టారు
ఇది బ్రహ్మాండం. నిష్పత్తి కూడా దానంతటదే కుదురుతుంది, ధాన్యానికి ఎక్కువ వీధులు ఇవ్వండి.

వేపచెట్టు
ఇప్పటిదాకా చెప్పినవి పట్టుకుని ఇవాళ భోజనశాల నడిపేవాళ్లను, బడి హెడ్‌మాస్టర్ గారిని కలిశాను. భోజనశాలకు ధాన్యం దండిగా ఉందట, నూనె, పప్పు లేవు. హెడ్‌మాస్టర్ గారు సెలవుల్లో ఇబ్బందిపడే ఇళ్లకు తామే గుట్టుగా చేరుస్తాం, పేర్లు మాత్రం ఇవ్వం అన్నారు. నాకు అదే నచ్చింది. తేదీ సెలవుల ముందు వారానికి మార్చాం. పోస్టరు ఇలా రాశాను, తప్పులుంటే చెప్పండి:

"మీ వీధి వంతు: పప్పు. మూత తీయనిది, మూడు నెలల గడువు ఉన్నది. పాలపొడి, ఇంట్లో వండినవి, ఇంట్లో నిల్వ చేసినవి తీసుకోం. డబ్బు ఇచ్చేవారికి రసీదు ఇస్తాం."

నిశాచరి
ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎక్కడ? అవే లేవు.

వేపచెట్టు
అయ్యో, నిజమే.

గోడౌన్_గుమస్తా
తినదగ్గవే అయినా మీ జాబితాలో లేనివి వస్తాయి, తిప్పి పంపకండి, మనసు నొచ్చుకుంటుంది. ఒక పెట్టె పక్కన పెట్టి దానిలో వేయించండి. చివర్లో ఆ పెట్టె భోజనశాలవాళ్లకు చూపిస్తే కావలసినవి ఏరుకుంటారు.

డ్యూటీ_నర్సు
ఏదో ఒక వీధికి అయోడిన్ ఉప్పు కూడా ఇవ్వండి. చవకైనది కదా అని ఎవరూ తీసుకురారు.

సుబ్బి77
మా వీధికి ఇవ్వండి, నేను తెస్తాను. మోయడానికి తేలిక.